తిట్లకు జిలేబీ పంచిన ఆంటీ

మా పై ఇంటి ఆంటీ పోయారు. పోయిన వారం ఆఫీసులో ఒక పెద్దాయన పెన్షన్ ఫిర్యాదుకు జవాబు రాస్తుండగా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చున్నారట, అంతే. హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి ఏడ్చాను. పక్క సీటావిడ "ఛుట్టీ లే లో, ఘర్ జావో" అంది. సెలవు పెట్టి ఇంటికి వెళ్లాను, కానీ ఆ జవాబు పూర్తిచేసి పంపాకే వెళ్లాను. పని సగంలో వదిలి వచ్చానని తెలిస్తే ఆంటీ లేచి కూర్చుని మరీ తిట్టేవారు. ఇది రాస్తుంటే కూడా నవ్వొస్తోంది. ఆవిడ గురించి ఏడుస్తూ రాయడం నా వల్ల కాదు.

ఢిల్లీ ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్స్‌లో మేము కింద, ఆవిడ పైన, కూతురి ఉద్యోగానికి వచ్చిన ఇంట్లో ఉండేవారు. వరంగల్ మనిషి. ఈ ఊళ్లోనే వికలాంగులకు పని నేర్పే ప్రభుత్వ శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. రిటైరయ్యాక కూడా అక్కడికి వెళ్లడం మానలేదు.

నాకు డిగ్రీ చదువుతుండగా చూపు పోయింది. కాకినాడ నుంచి నాన్నకు ఢిల్లీ బదిలీ అయ్యేసరికి నేను గదిలోంచి బయటికి రావడం మానేశాను. ఒకరోజు ఎదురింటి పంజాబీ ఆవిడకు అమ్మ తనకొచ్చిన హిందీలో నా సంగతి చెబుతోంది. "పాపం, ఇస్‌కో దిఖ్‌తా నహీ" అంది. హిందీలో పాప్ అంటే చేసిన పాపమే గానీ జాలి కాదు. ఆవిడ హడలిపోయి, "పాప్? ఇత్నీ సీ లడ్కీ నే కౌన్‌సా పాప్ కర్ దియా?" అని అడిగింది.

మెట్లు దిగుతున్న ఆంటీకి అది వినబడింది. నవ్వు ఆపుకోలేక మెట్టు మీదే కూర్చున్నారు. "గామె సరిగ్గనే అడిగింది! చెప్పు బిడ్డా, ఏం పాపం చేసినవ్?" అని గది బయటి నుంచే కేకేశారు. చూపు పోయాక నేను మొదటిసారి నవ్వింది అప్పుడే. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరు నన్ను చూసి "అయ్యో పాపం" అన్నా ఆంటీ వదిలేవారు కాదు. "ఎవరిది, మీదా? చేసిందేందో చెప్పున్రి" అని అడిగేసేవారు. చుట్టాలు మా ఇంటికి రావడం కాస్త తగ్గించారు కూడా.

ఆ నవ్వు చల్లారకముందే నన్ను శిక్షణ కేంద్రంలో చేర్పించారు. తెల్లకర్రతో నడవడం, తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడడం అక్కడే నేర్చుకున్నాను. దారిలో ఆవిడ నా చెయ్యి పట్టుకునేవారు కాదు. గాజులు గలగలలాడిస్తూ ముందు నడిచేవారు. తప్పిపోతానని భయపడితే, "ఎవర్నన్న అడుగు. సిగ్గుపడి తప్పిపోతే ఎవ్వలికి లాభం?" అనేవారు. మెట్రోలో ఒక్కదాన్నే మొదటిసారి ఇంటికొచ్చిన రోజు నాకు రెక్కలు వచ్చినట్టయింది. గుమ్మంలోనే ఎగిరాను, తలుపు తగిలి నుదురు బొప్పి కట్టింది. ఆ బొప్పిని కూడా అందరికీ చూపించుకున్నాను.

తరువాత పరీక్ష రాసి, వికలాంగుల కోటాలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో చేరాను. మా ఆఫీసరు మహా మంచాయన. మొదటి రోజే, "బేటీ, హాజరీ లగాకే ఆరామ్ సే బైఠో" అన్నారు. హాజరు వేసి హాయిగా కూర్చున్నాను. టీ వచ్చింది, తాగాను. మధ్యాహ్నం డబ్బా తిన్నాను. మళ్లీ టీ వచ్చింది. ఎన్నాళ్లు గడిచినా నా దగ్గరికి టీ తప్ప ఇంకేమీ రాలేదు. నాన్న మాత్రం, "అదృష్టమే నీది! ప్రొబేషన్‌లో ఉన్నావు, ఆయన్ని కెలక్కమ్మా" అన్నారు.

ఆంటీకి చెబితే భగ్గుమన్నారు. "ఉద్యోగం కుర్చీకి ఇచ్చిన్రా, నీకు ఇచ్చిన్రా? ఇప్పుడు అడగకపోతే రిటైరయ్యేదాకా గట్లనే కూసుంటవు. పని అడుగు. సాఫ్ట్‌వేర్ పెట్టియ్యమను. అది నీ హక్కు, ఆయన దయ కాదు." మీరూ రండి ఆంటీ అని బతిమాలాను. "నేనొస్తే పని నాకిస్తడు" అనేశారు.

మర్నాడు ఆయన ముందు నిలబడ్డాను. ఆయనకు కోపమొస్తే ప్రొబేషన్ సంగతి ఏమిటని ఒకటే బెంగ. "సర్, ముఝే కామ్ చాహియే" అన్నాను. "క్యా జరూరత్ హై, బేటీ?" అన్నారాయన, నిజంగానే అర్థం కాక. అవసరం ఉంది సర్ అన్నాను. కాసేపటికి సాఫ్ట్‌వేర్ ఉన్న నా సొంత లాప్‌టాప్‌లోకి ఒక ఫిర్యాదు పంపించారు. నేను వినే వేగానికి ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. విని, సారాంశం చెప్పి, జవాబు రాసి చూపించాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్న చప్పుడు వినబడింది. "అచ్ఛా! దూస్రా భీ దేఖో" అని రెండో ఫిర్యాదు కూడా పంపారు. నా ఒళ్లంతా పులకరించింది!

ఆ తరువాత పనే పని. అలా ఉండగా ఒకరోజు ఒక శాఖకు వెళ్లాల్సిన జవాబును ఇంకో శాఖకు పంపేశాను. ఆయన సెక్షన్ అందరి ముందూ, "ధ్యాన్ కహా హై ఆప్ కా?" అని కడిగేశారు. ఏడుపు ముఖంతో ఇంటికొచ్చి చెప్పాను. ఆంటీ, "తిట్టిండా? అందర్ని తిట్టినట్టె తిట్టిండా?" అని అడిగారు. అవునన్నాను. "ఇగ నీ ఉద్యోగం పక్కా!" అని చప్పట్లు కొట్టి, మార్కెట్‌కు పరిగెత్తి వేడి వేడి జిలేబీ తెచ్చారు. "మా పిల్లను సార్ తిట్టిండు!" అని హిందీలో, తెలుగులో గుమ్మం గుమ్మానికీ పంచారు. "డాంట్ పడీ హై, ఔర్ మిఠాయీ?" అని పంజాబీ ఆవిడ, తిట్లు పడితే మిఠాయేమిటని నోరెళ్లబెట్టింది. వేళ్లకు పాకం కారుతుంటే నాకు మాత్రం పండగలా ఉంది. ఎంత కృతజ్ఞత పుట్టిందో చెప్పలేను.

ఆంటీ పోయిన రోజు సాయంత్రం ఆవిడ శిష్యులం చాలామందిమి చేరాం. గురుగ్రామ్ నుంచి, నోయిడా నుంచి, ఎవరికి వారే మెట్రోల్లో వచ్చారు. ఆవిడ మరిదిగారు మమ్మల్ని చూసి, "మీరు టెంట్‌లో కూర్చోండమ్మా, మేం చూసుకుంటాం" అన్నారు ఆప్యాయంగా. కూర్చోవడం నా వల్ల కాలేదు. "కూర్చోం అంకుల్, మాకూ పని చెప్పండి. వ్యాన్ దాకా పాడె మేం మోస్తాం" అన్నాను. ఆడవాళ్లు మోయడమేమిటని ఎవరో గొణిగారు. లోపలి నుంచి ఆంటీ కూతురు, "వాళ్లకే ఇయ్యున్రి బాబాయ్" అంది.

తెల్లకర్రలు మడిచి సంచుల్లో పెట్టుకున్నాం. చక్రాల కుర్చీలో ఉన్న శిష్యుడొకడు ముందు వెళుతూ, "గడ్డా హై, బాయే... అబ్ సీధే" అని గుంతలూ మలుపులూ చూసి దారి చెబుతుంటే, క్వార్టర్స్ సందులోంచి రోడ్డు మీది వ్యాన్ దాకా ఎక్కడా దించకుండా, తడబడకుండా మోశాం. వెదురు ఒరుసుకున్న చోట నా కుడి భుజం ఇంకా మండుతోంది. అమ్మ మందు రాస్తానంటోంది. ఇంకో రెండు రోజులు అలాగే ఉండనీ అంటున్నాను.