మగ్గం ఆగిన పొద్దుటి పూటలు

మట్టెవాడలో మా ఇల్లు రెండు గదులు. ముందు గదిలో బాపు గుంట మగ్గం, వెనక గదిలో నా పుస్తకాలు, మధ్యలో ఒక పరదా. ఆ మగ్గం చప్పుడులోనే ఎక్కాలు నేర్చుకున్నాను, డిగ్రీ పాసయ్యాను. అందుకే సర్కారు కొలువు పరీక్ష రెండోసారి తప్పిన రోజు నేనన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

ఫలితాలు ఫోనులో చూసుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఎక్కడ తక్కువైంది బిడ్డా అని బాపు మెల్లగా అడిగాడు. నిజానికి నేను చదవలేదు. టైంటేబుల్ మాత్రం నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో వేశాను. మనసు పెట్టి ఎలా చదవాలో చెప్పే వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి చూశాను. అదంతా చెప్పడానికి నోరు రాక, "ఈ సప్పుడుల ఏం చదువుతరు బాపు" అన్నాను.

మర్నాటి నుంచి బాపు పొద్దున మగ్గం ముట్టడం మానేశాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాకే గుంటలో దిగుతానని అమ్మతో చెప్పి, అప్పటిదాకా అరుగు మీద కాపలా కూర్చునేవాడు. కూరగాయల బండి వస్తే అరవొద్దని చెయ్యి ఊపేవాడు. పక్కింటి మిక్సీ కూడా ఆయన పుణ్యాన పది దాటాకే తిరిగేది. ఎవరు పలకరించినా బిడ్డ చదువుతాందనేవాడు. మా సందుకు నేనొక కర్ఫ్యూనయ్యాను.

ఇంత చేశాక నాకు చదువు రావాలి కదా. రాలేదు. రాజ్యాంగ సవరణల పాఠం తెరిచి మొదటి పేరా నాలుగుసార్లు చదివేదాన్ని. పుస్తకం మూస్తే ఒక్క ముక్క గుర్తుండేది కాదు. ఫ్యాను కిర్రుమనడం, గోడ మీద బల్లి, అన్నీ వినిపించేవి. దగ్గు వస్తే బాపు సందు చివరిదాకా నడిచి వెళ్లి దగ్గి వచ్చేవాడు. అది తెలిసినప్పుడు ఏడుపొచ్చింది. పరదా వేసి ఉంది కాబట్టి ఏడ్చినంతసేపూ చదువుతున్నాననే అనుకుని ఉంటారు.

మధ్యాహ్నం గుంటలో దిగితే బాపు చీకటి పడేదాకా వంచిన తల ఎత్తేవాడు కాదు. అయినా చేనేత సంఘానికి నేసి ఇవ్వాల్సిన జంపకానాలు వెనకబడ్డాయి. ఆయన భుజానికి అమ్మ కాపడం పెడుతుంటే పళ్లు బిగబట్టేవాడు.

నెల దాటాక ఇక చూడలేకపోయాను. ఒక పొద్దున అరుగు మీదికి వెళ్లాను.

"మగ్గం నెయ్యి బాపు. సప్పుడు లేకుంటే నాకు చదువు ఎక్కుతలేదు."

అది నిజమేనని నేనూ నమ్మాను. చిన్నప్పటి చప్పుడు వెనక్కి వస్తే చిన్నప్పటి బుద్ధి కూడా వస్తుందనుకున్నాను.

ఆయన మొహం విప్పారింది. ఈ ముక్క నెల కింద చెప్పొద్దా అని నవ్వుకుంటూ గుంటలో దిగాడు. నూలు మోసే నాడె అటూ ఇటూ ఆడింది. ఇల్లు మళ్లీ మా ఇల్లులా అయింది. నేను పుస్తకం తెరిచాను. మొదటి పేరా చదివాను. మళ్లీ మొదటి పేరాయే చదివాను. ఇక నెపం వెయ్యడానికి ఇంట్లో ఏదీ మిగల్లేదు. నాకు భయమేసింది. మూడోసారి రాయబోయే పరీక్షకు ఇంకా ఆరు వారాలే ఉన్నాయి.

కాసేపటికి నాడె ఆగింది.

"ఇప్పుడు ఎక్కుతాందా బిడ్డా?" పరదా అవతల నుంచి అడిగాడు.

"ఎక్కుతాంది బాపు."

మధ్యాహ్నం అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచింది. ఆయన లేవలేదు. మగ్గం ఆపితే బిడ్డ చదువు ఆగుతుందట. పొద్దు గూకేదాకా ఆకలితోనే నేశాడు. పరదా ఇవతల నేను మొదటి పేరా దగ్గరే ఉన్నాను.