నేను పెట్టని బొమ్మ

దెయ్యాలంటే నాకు నవ్వులాట. మదనపల్లెలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే అంగడి నాది. పాడైన ప్రతిదానికీ లోపల ఒక కారణం ఉంటుందని నమ్మే రకం. ఇప్పటికీ అలాగే నమ్మాలని తంటాలు పడుతున్నాను.

మా నాయన కుప్పం దగ్గర రైల్వే గేట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. తుంటి ఆపరేషన్ అయ్యాక వాకర్ పట్టుకుని నడుస్తూ పుంగనూరులో మా ఇంట్లోనే ఉంటున్నాడు. మా ఊరికి రైలు లేదు. ఆ కూత వినపడక ఆయన బెంగ పెట్టుకున్నాడు.

అందుకని కంప్యూటర్లో రైలు నడిపే ఆట వేసి, ఆయన గేటున్న దారిని నేనే తయారు చెయ్యడం మొదలుపెట్టాను. పట్టాలు పరిచాక పక్కన చెట్లు, ఇళ్లు, స్తంభాలు ఒక్కొక్కటే తెచ్చి పెట్టుకోవాలి. ఆదివారం మధ్యాహ్నాలు నాయన పక్కన కూర్చుని చెప్పేవాడు. చూపు బాగా మసక, తెర మీద ఏమీ కనపడదు. జ్ఞాపకం మాత్రం గట్టిది.

"గేటు రూము ఎనకాల కానుగ సెట్టు ఉండె, మరిసిపోవద్దు రా" అనేవాడు.

అదీ పెట్టాను. మనుషుల బొమ్మలు మాత్రం ఒక్కటీ పెట్టలేదు. పెడితే నా పాత కంప్యూటరు మొరాయిస్తుంది.

ఒక ఆదివారం రైలు నడిపి చూస్తుంటే, మూసిన గేటు ముందు ఒక ముసలామె నిలబడి ఉంది. చేతిలో తాడు, తాడు చివర మేక. పొరపాటున నేనే పెట్టానేమోనని ఆట ఆపి, తీసేద్దామని ఆ బొమ్మ మీద నొక్కాను. అది కదల్లేదు. నేను పెట్టిన వస్తువుల జాబితా పైనుంచి కింది దాకా చూశాను. అందులో లేదు. నేను నోరు విప్పలేదు.

"యాల ఆపినావు? ఆయమ్మ వచ్చిందా? మేకను పట్టుకోనుండాదా?" అన్నాడు నాయన.

ఎవరామె అని అడిగాను. చనిపోయిన మా అమ్మకు కూడా చెప్పని సంగతి అప్పుడు చెప్పాడు. గేటు మూశానని స్టేషన్‌కు ఫోన్లో గుర్తు నంబరు చెప్పేశాక, రైలు పోయేదాకా ఇక తియ్యకూడదు. ఆ రోజు ఆయన ఇంకా చెప్పలేదు, తియ్యొచ్చు. గేటు లేపే చక్రం మళ్లీ తిప్పడానికి బద్ధకించి, మేకతో వచ్చి గేటు తియ్యమన్న ముసలామెను కసిరి పొమ్మన్నాడు. ఆమె పోయి పట్టాల మలుపు దగ్గర దాటబోయి రైలు కింద పడింది.

"తీసెయ్ రా గేటు. ఆ పొద్దు నేను తియ్యలా" అని ఏడ్చాడు.

ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. మూసిన గేటు తీసేసి తెరిచిన గేటు పెట్టాను. మళ్లీ రైలు నడిపితే ఆమె లేదు. ఆ మాట చెప్పగానే నాయన ముఖం తేటపడింది. నాకూ గుండె బరువు దిగింది.

తర్వాతి ఆదివారం ఆయన్ని పిలవకముందే ఒక్కణ్ణే నడిపి చూశాను. గేటు మళ్లీ మూసి ఉంది. దాని ముందు మనిషి లేడు, స్టీలు వాకర్ ఒకటి ఉంది. నాయన వాకర్‌కు ఒక కాలి రబ్బరు ఊడిపోతే నేను నీలం గుడ్డ చుట్టాను. ఆ వాకర్‌కూ అదే కాలికి నీలం గుడ్డ. గేటు మార్చాలని ఎంతసేపు తిప్పలు పడ్డానో. మారలేదు.

ఇదంతా ఎలా జరిగిందో నాకు తెలీదు. ఎవరైనా చెబితే వినడానికి సిద్ధంగా ఉన్నాను. నాయనను పోగొట్టుకుంటానేమోనని మాత్రం భయంగా ఉంది. కంప్యూటరు చెడిపోయిందని ఆయనకు అబద్ధం చెప్పాను.

మొన్న ఆదివారం మంచం మీద నుంచే అడిగాడు, "గేటు మూసే ఉండాదా?" అని.

"బాగు చేస్తాండా నాయనా" అన్నాను.

ఆయన వాకర్‌ను మంచం దగ్గరికి లాక్కున్నాడు.