మర ఆగిన రోజు సినిమా

అమావాస్య నాడు మా పిండిమర నడవదు. మోటారుకు పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తాళం వేసుకుని మావారు పదకొండింటికల్లా ఇంటికి వచ్చేస్తారు. నెలకొకసారి దొరికే ఆ మధ్యాహ్నం ఆయనా, అత్తయ్యా, నేనూ ముగ్గురం కూర్చుని టీవీలో సినిమా చూడటం మాకు అలవాటు. దేవుడిచ్చిన సుఖాల్లో అదొకటని అనుకుంటూ ఉంటాను. ఆ రోజు మాత్రం అనుకోలేకపోయాను.

ఆ రోజు మూడింటికి పదో తరగతి ఓపెన్ పరీక్షల ఫలితాలు. రాసింది నేను. నాకు నలభై నాలుగేళ్ళు. మా అమ్మాయికి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. ఎ.కొండూరు దగ్గర మా ఊరి నుంచి బడికి నడవలేనని నాన్నే అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు, ఎక్కాలు, పద్యాలు, పంచాంగం చూడటం నేర్పారు. ఈ రోజుకీ పొద్దున్నే స్తోత్రం చదువుకునేటప్పుడు ముందు ఆయనకే దండం పెట్టుకుంటాను. కానీ అమ్మాయి కాలేజీ అప్లికేషన్‌లో ‘తల్లి చదువు’ అన్నచోట మావారు ఒక గీత గీశారు. తప్పుగా గీయలేదు, ఇంకేం రాస్తారు? అయినా ఆ గీత నా కళ్ళలోంచి పోలేదు. అది గమనించింది మా అమ్మాయే. ఫీజు కట్టి, పుస్తకాలు తెచ్చిపెట్టింది. పాసయ్యాకే ఇంట్లో చెబుదామన్న షరతు మాత్రం నాదే. పరీక్ష తప్పితే మరలో పిండి పట్టించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషీ ఆ మాటే అడుగుతారని నా భయం.

పరీక్షలు విస్సన్నపేటలో. ఐదు రోజులు ఇల్లు కదలాలి. నెమలి ఊళ్ళోని వేణుగోపాలస్వామికి ఐదు దర్శనాల మొక్కు ఉందని చెప్పాను. నెమలి ఒక దిక్కు, విస్సన్నపేట ఇంకో దిక్కు. పరీక్ష రాసి వస్తూ అక్కడి బస్టాండు పక్క కొట్లో కొబ్బరికాయ కొని, ఓ చెక్క ఇంటికి తెచ్చేదాన్ని. అత్తయ్య దాన్ని కళ్ళకద్దుకుని తినేవారు. నాకు ఆ పూట అన్నం దిగేది కాదు. తర్వాత నిజంగానే వెళ్ళి స్వామి ముందు ఒప్పుకుందామనుకున్నాను. ఫలితం తెలియకుండా ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

ఇక సినిమా. మా ఇంట్లో పెద్ద ఫోను నాదొక్కటే. పిండి దూరి రెండు ఫోన్లు పాడయ్యాక మావారు బటన్ల ఫోనే వాడుతున్నారు. నా ఫోన్‌లోని నెట్టే టీవీకి కలుపుకుంటాం. అంటే నా ఫలితం ఏ ఫోన్‌లో రావాలో, సినిమా కూడా అందులోంచే నడుస్తోంది.

సినిమాలో ఇంటి ఓనరు కూతురు, మేడ మీద గదిలోకి వచ్చిన కుర్రాడితో తానూ అద్దెకే ఉంటున్నానని ఊరికే ఒక అబద్ధం ఆడుతుంది. ఇక రెండు గంటలూ దాన్ని కప్పిపుచ్చుకోవడమే కథ. మధ్యలో ఎక్కడిదో మంచుకొండ మీద పాట.

“మంచులో ఆ పల్చటి చీరేంటమ్మా, జలుబు చెయ్యదూ?” అన్నారు అత్తయ్య.

“ఒక్క మాట చెప్పేస్తే అయిపోయేదానికి ఈ గోలంతా ఏంటి? తీసినవాడికి బుద్ధి లేదు,” అన్నారు మావారు.

నిజం చెప్పాలంటే సినిమా నాకు నచ్చింది. ఆ కుర్రాడు పెనానికి అతుక్కున్న అట్టును గీకుతూ, పక్కింటావిడకు దాన్నే కొత్త వంటకమని చెబుతుంటే పగలబడి నవ్వాను. నవ్వుతూనే గడియారం చూశాను. రెండూ యాభై.

లేచి వంటింట్లోకి వెళ్ళి కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగాను. దేవుడి గదిలో వత్తి ఎగదోశాను. వచ్చి కూర్చున్నాను. మళ్ళీ లేచాను.

“ఏంటే ఆ తిరుగుడు? బొమ్మకి అడ్డొస్తున్నావ్,” అన్నారు మావారు.

మూడు దాటాక టీవీ పక్కన పెట్టిన ఫోన్ టింగుమంది. అమ్మాయి మెసేజ్. ‘అమ్మా, వచ్చేశాయి. నాకు ల్యాబ్ ఐదింటి దాకా. నువ్వే చూసుకో.’

టీవీ పక్కన నిలబడి, హాల్ టికెట్ నంబరు కొట్టాను. ఫోన్‌లో చక్రం తిరుగుతోంది. అదే సమయానికి టీవీలోనూ చక్రం మొదలైంది.

“అమ్మాయ్, దాన్ని కదపకు! బొమ్మ ఆగిపోయింది,” అని అత్తయ్య అరిచారు.

వదిలేసి వచ్చి కూర్చున్నాను. సినిమా నడిచింది. అరగంటకు హీరోయిన్ ఆ కుర్రాణ్ణి మెట్ల మీద ఆపి, “నీకొక నిజం చెప్పాలి,” అంది. ఆమె నోరు తెరిచి ఉండగానే బొమ్మ బిగుసుకుపోయింది. ఫోన్ చూస్తే, ఈ రోజు డేటా అయిపోయిందని ఉంది.

మావారు పకపకా నవ్వారు. “రెండు గంటలు దాచి ఇప్పుడు చెప్పబోతే నెట్టు పోయింది! సర్లే, మిగతాది రేపు చూద్దాం.”

“రేపు కాదండీ. ఇప్పుడే కావాలి.”

“ఆ సినిమాకి అంత తొందరేంటే?”

“సినిమాకి కాదు. నేను పదో తరగతి పరీక్ష రాశాను. రిజల్ట్ వచ్చింది.”

వేళాకోళం అనుకుని ఆయన మళ్ళీ నవ్వబోయి, నా మొహం చూసి ఆగారు. “ఎప్పుడు రాశావ్?”

“నెమలి వెళ్తున్నానని చెప్పిన రోజుల్లో. విస్సన్నపేటలో.”

అప్పటిదాకా టీవీ వైపే చూస్తున్న అత్తయ్య ఇటు తిరిగారు. “మరి ఆ కొబ్బరి?”

“విస్సన్నపేటదే అత్తయ్యా. కొట్లో కొన్నది.”

ఆవిడ కొంగు భుజం మీదికి లాక్కుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. తిడితే బాగుండునని అనిపించింది.

మావారు వరండాలోకి వెళ్ళి ఫోన్ల కొట్టుకు ఫోన్ చేశారు. “బాబూ, మా ఇంటావిడ నంబరుకి కాస్త డేటా వెయ్యి. అర్జెంటు.”

డేటా రాగానే టీవీ దానంతటదే మొదలైంది. హీరోయిన్ నిజం చెప్పింది. కుర్రాడు నవ్వి ఆమెను ఎత్తుకుని తిప్పాడు. పాట. అయిపోయింది. అత్తయ్య తప్ప అటు ఎవరూ సరిగ్గా చూడలేదు. మావారు నా ఫోన్ చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చదువుతున్నారు.

“తెలుగు ఎనభై ఎనిమిది! సోషల్ యాభై తొమ్మిది. సైన్స్ నలభై ఆరు. ఇంగ్లీషు ముప్పై ఎనిమిది. లెక్కలు...” ఆగారు. “ముప్పై ఒకటి.”

“అంటే?” అన్నారు అత్తయ్య.

“ముప్పై ఐదు రావాలమ్మా. తప్పింది.” నా వైపు తిరిగి, “ఎవరి డబ్బాలో ఎన్ని కిలోలున్నాయో చూసి చెప్పేస్తావు కదే, లెక్కల్లో పోయిందేంటి?”

“అవి వేరే లెక్కలండీ. ఎక్స్ ఎంతో కనుక్కోమంటారు.”

“కనుక్కుని ఏం చేస్తారు?”

“నాకూ తెలియలేదు. అందుకే పోయింది.”

ఆయన నవ్వాపుకోలేకపోయారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నాలుగు గట్టెక్కినందుకు స్వామికి మనసులోనే దండం పెట్టాను. కానీ నా చూపు అత్తయ్య మీదే ఉంది.

ఆవిడ టీవీ వైపు చెయ్యి చూపించారు. “ఆ పిల్లాడు టక్కున క్షమించేశాడు. వాడిది సినిమా.” నా వైపు తిరిగి, “పరీక్ష రాసినందుకు నేనేమీ అననమ్మా. నాకూ ఎవరైనా నేర్పితే రాసేదాన్నేమో. కానీ ఆ ముక్కలు ఐదుసార్లు కళ్ళకద్దుకున్నానే.”

“తప్పే అత్తయ్యా.”

“ఐదు దర్శనాలూ చెయ్యాలి. నేనూ వస్తాను. కాయ మాత్రం నీ చేతికివ్వను.”

ఆ శనివారమే షేర్ ఆటోలో నెమలి వెళ్ళాం. దారి పొడుగునా ఆవిడ కాయ ఉన్న సంచి ఒళ్ళోంచి దించలేదు. గుళ్ళో కాయ తానే కొట్టించి, ఒక ముక్క నా చేతిలో పెట్టి నా మొహం వైపే చూస్తూ నిలబడ్డారు. నేను కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాకే తన ముక్క తిన్నారు.

ఇంకా నాలుగు దర్శనాలున్నాయి. లెక్కల పరీక్ష కూడా.