మా అమ్మ పడవెక్కిన రోజు

మా పేటలో ఆడవాళ్ళు పడవ ఎక్కరు. ఎందుకు ఎక్కరంటే, ఎక్కరు అంతే. పడవకు పసుపు రాసి బొట్లు పెట్టేది ఆడవాళ్ళు. వేట నుంచి వచ్చిన చేపను గంపకెత్తుకొని ఊరంతా తిరిగి అమ్మేది ఆడవాళ్ళు. ఆ డబ్బుతో ఇంజను బాగు చేయించేదీ ఆడవాళ్ళే. కాలు మాత్రం పెట్టకూడదు. చిన్నప్పుడు ఒకసారి దాగుడుమూతలాడుతూ మా నాన్న పడవలో దూరితే నా వీపు విమానం మోత మోగింది. మర్నాడు ఆ పడవను పసుపు నీళ్ళతో కడిగించాడు మా నాన్న. కడిగిందెవరనుకున్నారు? మా అమ్మే. ఇసకలో నిలబడి, బయటి నుంచి చెంబుతో లోపలికి నీళ్ళు విసురుతూ కడిగింది. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

మా అమ్మకు జీవితంలో కోరికలంటూ పెద్దగా లేవు. ఒక్కటి ఉండేది. గాలి ముదిరిన రోజుల్లో మా నాన్న రావడం ఆలస్యమైతే జాలరిపేట ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తూ ఉండేది. పక్కన నేను. అన్నానికి పిలిచినా కదిలేది కాదు. అలాంటి ఒక సాయంత్రం నాతో అంది: “ఒక్కపాలి ఎక్కి సూడాలే. లోన ఎలగుంటాదో తెలిస్తే, ఇక్కడ నిలబడ్డానికి కాసింత ధైర్నెం వొచ్చును.”

మా నాన్ననే అడగొచ్చు కదా అంటారా? అడిగేది పాపం. వల భుజం మీద నుంచి దించకముందే అడిగేది. “ఏటుంటాది? ఏటీ నేదు. కూరేటి?” అనేవాడాయన. అంతటితో ఆ సంగతి ముగిసేది.

ఇప్పుడు మా నాన్న వేటకు వెళ్ళడం లేదు. మోకాళ్ళు ఒప్పుకోవు. ఒడ్డున కూర్చుని వలలు బాగు చేస్తాడు. అమ్మ గంప మాత్రం దిగలేదు. నేను గాజువాకలో కాపురం ఉంటూ ఆటోనగర్లో ఒక వెల్డింగ్ షాపులో బిల్లులు రాస్తాను. మా ఆయనదీ పడవల కుటుంబమే. కానీ సముద్రంలోకి వెళ్తే చాలు కడుపులో తిప్పేసేది. వాళ్ళ నాన్న ఇక లాభం లేదని తెచ్చి లేత్ మిషను దగ్గర నిలబెట్టాడు. ఇద్దరు పిల్లలు. ఆ పిల్లలే ఈ కథంతటికీ మూలం. హైదరాబాదు పక్కన ఉన్న ఒక పెద్ద పార్కు వీడియోలు ఫోన్లో చూసి, వేసవి సెలవుల్లో అక్కడికి తీసుకెళ్ళమని నా ప్రాణం తోడేశారు.

వద్దని తిట్టబోతూ వీడియో వైపు చూశాను కదా, నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. రెండు ఇనప స్తంభాల మధ్య ఇంత పెద్ద పడవ. మనుషులను ఎక్కించుకొని ఆ కొస నుంచి ఈ కొసకు ఊగుతోంది. ఆడా మగా తేడా లేదు, అందరూ ఎక్కి కేకలు పెడుతున్నారు. ఆరు నూరైనా సరే, మా అమ్మను ఇది ఎక్కించాలనుకున్నాను.

“మన మొకాలకి పార్కేటే?” అన్నాడు మా ఆయన.

“నీ మొహానికి కాదులే, మా అమ్మ మొహానికి,” అన్నాను.

“పడవే కావాలంటే రుషికొండ తీసుకెల్లు. టూరిస్టు పడవలున్నాయి కదేటి? బస్సెక్కితే ఐపోద్ది.”

ఆ మాట నేను అమ్మతో ఎప్పుడో అన్నాను. తాడెత్తున లేచింది. “ఆ పడవలు నడిపీవోలంతా మన కుర్రగుంటలే. పొద్దుగూకేసరికి పేటంతా తెలిసిపోద్ది. తెలకపోయినా సరే, అది గంగమ్మే. మీ నాన్నని ఇన్నాల్లు కాసిన తల్లి. ఆ తల్లి కాడ కట్టు తప్పమంతావేటి?” అంది. అందుకే ఈసారి వీడియో చూపించి జాగ్రత్తగా మొదలుపెట్టాను.

“ఇది గంగమ్మ కాదమ్మా. కింద నీళ్ళే లేవు. చూడు.”

అమ్మ ఫోను చేతిలోకి తీసుకొని ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది. “సుక్క కూడా నేదేటి?”

“చుక్క కూడా లేదు.”

“అయితే తప్పు నేదు,” అంది. ఫోను నా చేతికిచ్చి, “ఎప్పుడెల్దాం?” అంది.

మా నాన్న ఒప్పుకోలేదు. “పడవంటే పడవే. ఆడది కాలెడితే అరిష్టం,” అన్నాడు. “అరిష్టం ఎవరికి నాన్నా? ఆ పార్కులోంచి వేటకెళ్ళేవాడెవడు?” అన్నాను. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నన్ను తిట్టి వల ముందేసుకున్నాడు. చివరికి మనవలు చెరో చెయ్యీ పట్టుకొని వేలాడితే వస్తానన్నాడు, ఒక షరతు మీద. ఆ పడవ ఉన్న వైపు తలకాయ కూడా తిప్పడట. తిప్పకపోతే మానె అన్నాను.

ఇక ప్లాను. ఈ విషయంలో నన్ను నేనే పొగుడుకుంటాను, ఎవరేమనుకున్నా సరే. మరబోట్ల వేట బందు పెట్టే నెలల్లో వెళ్ళాలని ముందే తేల్చేశాను. అప్పుడు చేప తక్కువ, అమ్మ గంప ఖాళీ. రైలు టిక్కెట్లు చాలా ముందే తీసేశాను. ఆదివారం వెళ్తే జనం, రేటూ ఎక్కువ. అందుకని వారం మధ్యలో వెళ్దామన్నాను. నీళ్ళ ఆటలకు నైలాను బట్టలుండాలని, లేకపోతే అక్కడ అద్దెకిస్తారని వీడియోలో చెప్పారు. అద్దె బట్టలు మా పిల్లలకెందుకు? పూర్ణా మార్కెట్లో బేరమాడి కొనేశాను. బస లాడ్జీలో కాదు. మా చిన్నాన్న కూతురి మొగుడు అక్కడ ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. వాళ్ళ డాబా మీద పడక. “నీ బుర్ర పాడుగాను, షాపు ఓనరు నిన్ను బిల్లులు రాయడానికి ఎందుకెట్టుకున్నాడే, షాపే రాసిచ్చీవచ్చు,” అన్నాడు మా ఆయన. వెటకారమే, కానీ నేను మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

ఒక్కటే నా ప్లానులో లేనిది. అమ్మ తన టిక్కెట్టు నన్ను కొననివ్వనంది. “అల్లుడి సొమ్ముతో ఊగడానికి నాకేటి కర్మ?” అని గంప పక్కన పెట్టి, పాత రంగు డబ్బాలు కడిగి ఎండబెట్టింది. వాటి నిండా ఎండు నెత్తళ్ళు, రొయ్యపొట్టు కూరి మూతలు బిగించింది. హైదరాబాదులో మన వైపు వాళ్ళు బోలెడంతమంది ఉన్నారని, వాళ్ళంతా ఎండుచేపకు మొహం వాచి ఉంటారని ఆవిడ లెక్క. నేను వద్దంటే వినదు. ఆవిడ కూతుర్నే కదా నేను!

మూతలు బిగించడం ఒకటి, వాసన ఆగడం ఇంకోటి. రైలు అనకాపల్లి దాటకముందే పెట్టె పెట్టంతా మా డబ్బాల సంగతి తెలిసిపోయింది. ఎదుటి బెర్తులో ఒకావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, “ఓలమ్మో, ఏటీ కంపు!” అని మొదలెట్టింది. నాకు తలకాయ కొట్టేసినట్టయింది. అమ్మ మాత్రం చెక్కుచెదరలేదు. “మాటని బట్టి సూత్తే నీది సిక్కోలు కదేటమ్మా? సిక్కోలోలికి నెత్తల్లు కంపెప్పటి నుంచి?” అంది. ఆ శ్రీకాకుళం ఆవిడ మూతి ముడుచుకొని పడుకుంది. తెల్లారి దిగేముందు మెల్లగా వచ్చి అర కేజీ కట్టించుకుపోయింది.

వాచ్‌మన్ ఇంటికి చేరిన కాసేపటికే కబురు పాకింది. చుట్టుపక్కల వాచ్‌మన్లు, మేడలు కట్టే పనివాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, అంతా విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళే. సెల్లారులో అమ్మ చుట్టూ మూగిపోయారు. ఒకాయన నెత్తళ్ళు వాసన చూసి, “అచ్చం మా ఇంటి కాడ ఉన్నట్టుందప్పా,” అన్నాడు. మర్నాటికి డబ్బాలు ఖాళీ. అమ్మ తన టిక్కెట్టు డబ్బులతో పాటు మా నాన్న టిక్కెట్టువీ నా చేతిలో పెట్టింది. “మీ నాన్నది కూడా నాదే,” అంది, ఆయనకు వినపడేలా. నవ్విన నాపచేనే పండుతుందంటారు. రైల్లో సిగ్గుపడ్డ నాకు ఆ సెల్లారులో, ఈవిడ మా అమ్మ అని నలుగురికీ చెప్పుకోవాలనిపించింది. చెప్పుకున్నాను కూడా.

బయటి తిండి పార్కులోకి రానివ్వరు. అందుకని గేటు ముందే చెట్టు కింద తువ్వాళ్ళు పరిచి పులిహోర కడుపు నిండా తినేశాం. కార్లలో వచ్చినవాళ్ళు చూస్తే చూడనీ. టిక్కెట్ల దగ్గర ఆధార్ కార్డు చూపిస్తే పెద్దవయసు వాళ్ళకు తగ్గిస్తామన్నారు. మా అమ్మకు తగ్గించారు, నాన్నకు తగ్గించలేదు. ఎందుకంటే ఆధార్ ప్రకారం మా అమ్మ మా నాన్న కంటే పెద్దది! ఎవరు రాశారో, ఎలా రాశారో గంగమ్మకే తెలియాలి. “అక్కా, నడు,” అన్నాడు మా నాన్న. ఆ ఉడుకుమోత్తనం ఆయనకు మధ్యాహ్నం దాకా తగ్గలేదు.

పిల్లలు నీళ్ళ ఆటలన్నీ ఆడి వచ్చాక పడవ దగ్గరికి నడిచాం. ఫోన్లో చూసినదానికంటే పెద్దది. నాన్న అన్న మాట ప్రకారం కాస్త దూరంలో బెంచీ మీద, పడవకు వీపు పెట్టి కూర్చున్నాడు. మా పిల్లల్లో చిన్నది తన ఐస్‌క్రీమ్ ఆయన చేతికిచ్చి పట్టుకోమంది.

అమ్మ మెట్ల దగ్గర చెప్పులు విప్పేసింది. మగవాళ్ళు వేటకు బయల్దేరేటప్పుడు చేసినట్టే, పడవ అంచు తాకి చెయ్యి కళ్ళకద్దుకుంది. వెనక లైనులో కాలేజీ పిల్లలు కిసుక్కున నవ్వారు. నేను వెనక్కి తిరిగి చూసిన చూపుకు మళ్ళీ నవ్వలేదు.

“పెద్దమ్మా, నడుమల కూసో. చివర్లయితే మస్తు ఊగుతది, భయమైతది,” అన్నాడు పడవ నడిపే అబ్బాయి.

“మా ఇంటాయన సుక్కాని అట్టుకొని కూసునీది ఎనక కొసనే బాబూ. నాను అక్కడే కూసుంతాను,” అంది అమ్మ. కొంగు నడుముకు బిగించి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నేరుగా కొసకు నడిచింది.

నేను ఆమె పక్కన. మా ఆయనా పిల్లలూ మధ్యలో. మొదట మెల్లగా ఊగింది. తర్వాత కొస పైకి, ఇంకా పైకి లేచింది. కిందికి చూస్తే పార్కంతా కాళ్ళ కింద. అక్కడి నుంచి ఒక్కసారిగా జారిపోయింది. మధ్యలోంచి మా ఆయన “ఆపండ్రా బాబూ!” అని అరుస్తున్నాడు. అమ్మ అరవలేదు. పళ్ళు బిగించి ఎదురుగా చూస్తోంది. నా మణికట్టు మాత్రం ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆవిడ గాజులు నా చేతిలో దిగిపోయాయి. కళ్ళు ఒక్కసారి కూడా మూయలేదు. నేనే మూసుకున్నాను.

పడవ ఆగింది. అందరూ దిగుతున్నారు. అమ్మ లేవలేదు. మొహం తెల్లబోయి ఉంది. “అమ్మా, బాగుందా?” అన్నాను. ఉన్నట్టుండి లేచి, మెట్లు దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆ ఎండలో నాన్న దగ్గరికి నడిచింది. నేను వెనకే పరుగెత్తాను. నాన్న బెంచీ మీద ఇటు తిరిగి కూర్చుని ఉన్నాడు. చేతిలో ఐస్‌క్రీమ్ కరిగి మోచేతి దాకా కారిపోయింది.

“ఇలగుంటాదని ఒక్కనాడైనా సెప్పనేదేటయ్యా?” అంది అమ్మ.

నాన్న తల దించుకున్నాడు. “సెప్తే నన్ను ఎల్లనిత్తువా?”

“ఎల్లనిద్దునా? సచ్చినా ఎల్లనీను.”

“మరేటి తిందుము?”

అమ్మ కొంగుతో ఆయన చెయ్యి తుడిచింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవాలనిపించలేదు. పేరుకు కూడా ఎవరూ మెచ్చుకోని పనిని ఈయన అన్నేళ్ళూ నోరెత్తకుండా చేశాడు. ఈయన ఏం చేస్తున్నాడో తెలియకుండానే ఆవిడ అన్నేళ్ళూ ఒడ్డున నిలబడింది. వీళ్ళ కడుపున పుట్టాను నేను. గర్వంగా ఉండదా మరి?

“ఇప్పుడు సెప్పు,” అంది అమ్మ.

“ఇక్కడ కూకుని ఏటి సెప్పీది?” అన్నాడు నాన్న. పడవ వైపు చూశాడు. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచాడు. “పద.”

ఆడది కాలు పెడితే అరిష్టమన్న మనిషి, మెట్ల దగ్గర పక్కకు జరిగి అమ్మను ముందు ఎక్కమన్నాడు. ఇద్దరూ వెనక కొసకు పోయి కూర్చున్నారు. “నడుం బిగించీయకు. అదెటెల్తే నువ్వూ అటే ఎల్లు. దిగినప్పుడు ఊపిరొదిలీ,” అంటున్నాడు నాన్న. అంతవరకే నాకు వినపడింది. తర్వాత పడవ కదిలింది. పైకి లేచినప్పుడల్లా మా నాన్న చెయ్యి తిప్పుతూ ఏదో చెబుతూనే ఉన్నాడు, మా అమ్మ వింటూనే ఉంది.