ఎమెట్ సీసా పట్టిన రోజు

రోవెనా మళ్లీ ఉద్యోగంలో చేరేనాటికి ఎమెట్‌కి పది వారాలు. వెస్ట్ వర్జీనియా కొండల్లో, ఆ కౌంటీ మొత్తానికి ఆపద ఫోన్లు అందుకునే ఆఫీసు ఆమెది. ఇల్లంటుకున్నా, ఎవరి గుండె పట్టేసినా, "చెప్పండి, ఎక్కడున్నారు?" అని ముందుగా పలికే గొంతు ఆమెదే. ఆ గొంతు తొణకదని పేరు.

ఇంటినుంచి ఫోనొస్తే మాత్రం తొణికేది. భర్త క్లే పైపులైను పనికి పొరుగు రాష్ట్రం వెళ్లాడు. ఇంటిల్లిపాదికీ వైద్య బీమా ఆమె ఉద్యోగం మీదే. పిల్లవాణ్ణి ఆమె తల్లి ఓపల్ చూసుకునేది. వాడు పాలసీసా నోట పెట్టనిచ్చేవాడు కాదు.

"ఈ పూటా చెంచాతోనే పోశానే. సగం వాడి చొక్కామీదే పోయింది."

"ఏడుస్తున్నాడా అమ్మా?"

"పిల్లలన్నాక ఏడవరా? నీ పని నువ్వు చూసుకో."

రోజుకి మూడుసార్లు కాగితాల గదిలో గడియ పెట్టుకుని మిషనుతో పిల్లాడికోసం తన పాలు తీసుకునేది. ఆ కాసేపూ పక్క సీటు డారెల్ రెండు ఫోన్లూ చూసేవాడు. "వెళ్లు తల్లీ, నేను సిగరెట్టుకెళ్తే నా ఫోను నువ్వు చూడవా?" అనేవాడు. ఆ మంచితనం కూడా ఆమెకు ముల్లులా గుచ్చుకునేది.

మూడో వారం, ఒక గురువారం పొద్దున్న తొమ్మిదింటికి వాగు పొంగింది. కారులో ఇరుక్కున్న ఒకావిడ, నీళ్లు ఒళ్లోకి వస్తున్నాయని ఏడ్చింది.

"కిటికీ దించమ్మా. దిగిందా? ఇప్పుడు కారు పైకెక్కు. లైను వదలను, భయపడకు."

కాపాడే పడవ ఆవిడ దగ్గరికి చేరేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆవిడ బతికింది. ఊపిరి పీల్చుకునేలోగా ఇంకో ఫోను, ఆ వెంటనే మరోటి.

సాయంత్రం ఆరింటికి హెడ్‌సెట్ తీసేసరికి రోవెనా చొక్కా పాలతో తడిసి అట్టకట్టి ఉంది. అప్పుడు గుర్తొచ్చాడు కొడుకు. పొద్దుటినుంచి ఒక్కసారైనా గుర్తు రాలేదు. అంతకన్నా ఘోరం, ఆ రోజంతా పనిలో మునిగి ఆమెకు హాయిగా ఉంది. కారులో కూర్చుని ఆ మాట తనకు తాను ఒప్పుకునేసరికి చెంపలు మండాయి.

ఇంటికెళ్తే ఓపల్ గుమ్మంలోనే ఎదురొచ్చింది. "సీసా పట్టాడే! రెండింటికి చుక్క మిగల్చకుండా తాగాడు. మళ్లీ ఐదింటికి. నీకు చెబుదామంటే ఊరంతా నీ లైన్లోనే ఉందాయె!"

సంతోషించాల్సిన మాట. రోవెనా మాత్రం తిన్నగా లోపలికెళ్లి నిద్రపోతున్నవాణ్ణి ఎత్తుకుంది. వాడు ఉలిక్కిపడి గుక్కపట్టాడు. రొమ్ముకు అదుముకుంటే రెండు గుక్కలు తాగి మొహం తిప్పేసుకున్నాడు.

"నిద్రపోయే పిల్లాణ్ణి లేపుతారటే ఎవరైనా?"

"కదిలాడమ్మా."

"కదల్లేదు. నేను చూస్తూనే ఉన్నాగా."

రోవెనా మంచం అంచున కూలబడింది. "ఇవాళ వీడున్నాడన్న సంగతే మర్చిపోయాను. ఇన్నాళ్లూ సీసా పట్టట్లేదని నువ్వంటే... లోపల్లోపల బాగుండేదమ్మా. నేను లేందే వీడికి గడవదని."

ఓపల్ వచ్చి పక్కన కూర్చుంది. "నేను కుట్టుమిల్లుకి వెళ్లే రోజుల్లో నువ్వు మొదటి అడుగులు మీ పిన్ని దగ్గర వేశావు. అది మిల్లు గేటుదాకా వచ్చి మరీ చెప్పింది. వారంపాటు దాని మొహం చూళ్లేదు నేను. పాపం, అదేం తప్పు చేసిందని?"

"తర్వాత పోయిందా ఆ బాధ?"

"పోలేదు. నేను పనీ మానలేదు. ఇటివ్వు, వాడి కళ్లు మూతలు పడుతున్నాయి."

రోవెనా ఇవ్వలేదు. వాడు నిద్రపోయినా చాలాసేపు ఒళ్లోనే ఉంచుకుంది. మర్నాడు మామూలుగానే ఆఫీసుకెళ్లింది.

ఎమెట్‌కిప్పుడు తొమ్మిదేళ్లు. మొన్న బడిలో వాడు పాట పాడిన రోజున మంచు తుఫాను హెచ్చరికొచ్చి ఆమె సీటు వదల్లేకపోయింది. "పర్లేదులే అమ్మా, అమ్మమ్మ వచ్చిందిగా," అన్నాడు వాడు, బూట్లు విప్పుకుంటూ. వాడలా తేలిగ్గా అనేయడమే ఆమెకు ఇప్పటికీ మింగుడుపడలేదు.