హలీమా ఖాలా వంటింట్లో

జొన్నరొట్టె అంచు కాలుతున్న వాసన వస్తే ఇప్పటికీ నాకు మోత్కూర్‌లోని హలీమా ఖాలా వంటిల్లు గుర్తొస్తుంది. తెలంగాణ వచ్చిన కొత్తలో టీచరు ఉద్యోగం దొరికి ఆ ఊరు వెళ్లాను. అమ్మా బాపూ కూలి పనుల కోసం ఊళ్లు తిరిగేవారు కాబట్టి నేను చిన్నప్పటినుంచీ హాస్టళ్లలోనే పెరిగాను. వంటిల్లంటే నాకు తెలిసింది, పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడే కిటికీ మాత్రమే. ఊరంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆమె ఒంటరిగా ఉంటూ తన ఇంట్లో ఒక గది నాకు కిరాయికిచ్చింది. "వంటకు వేరే జాగ లేదు బిడ్డా. నా దాంట్లనే వండుకో," అంది.

ఇద్దరం నిలబడితే మోచేతులు తగిలేంత వంటిల్లు అది. మట్టిగోడలు, పైన రేకులు, మూలన కట్టెల పొయ్యి. పీట మీద కూర్చునే వండాలి. మొదట్లో పొగకు కళ్లు మండేవి, లేచినప్పుడల్లా తల ఉట్టికి తగిలేది. ఒకరోజు నేను పళ్లెం చుట్టూ ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని గబగబా తింటుంటే ఖాలా చూసింది.

"గంత ఆగమెందుకు? జర నిమ్మళంగ తిను. ఎవ్వరు గుంజుకోరు."

నవ్వబోయాను, ఏడుపొచ్చింది. ఆమె నా పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది. ఆ తర్వాత ఒక్కొక్కటే నేర్పింది. నా రొట్టెలు పెనం మీదికి చేరకముందే విరిగిపోతే, "ఇరుగుతే ఇరగనియ్యి, చెయ్యి కాలకుండ చూస్కో," అనేది. కొన్నాళ్లకు సాయంత్రాలు అక్కడే బియ్యపు బస్తాకు ఆనుకుని కూర్చోవడం అలవాటైంది. ఆమె ఎల్లిపాయలు ఒలుస్తూ, బళ్లో పిల్లల సంగతులు అడిగేది.

ఒక వానాకాలం ముసురు విడవకుండా పట్టింది. నేను బళ్లో ఉండగా పక్కింటాయన ఫోన్ చేశాడు. "టీచరమ్మా, గోడ కూలి వంటింటి మీద పడ్డది. ఖాలా ఏడ కానొస్తలేదు."

అది ఆమె పొయ్యి ముందు ఉండే వేళ. "మా ఇంట్ల గోడ కూలింది సార్, మా ఖాలా లోపలున్నది," అని హెడ్మాస్టరుతో చెప్పి వానలోనే పరుగెత్తాను. మా ఇల్లు అన్నానని దారిలోగానీ తెలియలేదు. వెళ్లేసరికి రేకులు బురదలో ఉన్నాయి, మగవాళ్లు పారలతో మట్టి తీస్తున్నారు. నేనూ చేతులతో మట్టిగడ్డలు లాగుతూ "ఖాలా, ఖాలా" అని అరిచాను.

"ఏందే, గట్ల ఒర్రుతున్నవ్?"

వెనక నిలబడి ఉంది, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో టిఫిన్ డబ్బా. వెనక గల్లీలో బాలింతకు అన్నం ఇచ్చి వస్తోంది. నేను బురదలోనే కూలబడి ఆమె నడుము పట్టుకున్నాను.

"ఉన్న కదనే, గీడనే ఉన్న," అంటూ తల నిమిరింది.

వానలు తగ్గాక ఇటుకలతో గోడలు లేపించింది. మేస్త్రీ పెద్దగా కడదామంటే, "వద్దు. గీ పిల్ల దూరం కూసుంటది, మాట ఇనవడది," అంది.

తర్వాత నేను నల్గొండకు బదిలీ అయ్యాను. అమ్మా బాపూ కూలి మాని నా దగ్గరికొచ్చారు. నా వంట చూసి ఎవరు నేర్పారని అమ్మ అడిగితే ఖాలా గురించి చెప్పాను. "నేనైతె ఏం నేర్పకపోతిని. ఆమెను ఒక్కపారి చూడాలె బిడ్డా," అంది. ఆ ఆదివారమే తీసుకెళ్లాను.

ఆ వంటింట్లో వాళ్లిద్దరే పట్టారు. నేను గడప మీద కూర్చున్నాను. అమ్మ ఏదో అంటోంది, ఖాలా నవ్వుతోంది. నన్ను పెంచలేకపోయానన్న బాధ అమ్మ గొంతులో మెల్లగా కరిగిపోవడం విన్నాను. ఖాలా ఇప్పుడు లేదు. ఆ మధ్యాహ్నం నా గుండె మీంచి దిగిన బరువు మాత్రం మళ్లీ ఎక్కలేదు.