నీళ్ళు లేని రోజు నీటి పరీక్ష

మా వారు పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. చుట్టాలు వచ్చి ఏడ్చి వెళ్ళారు, నేను వాళ్ళకి కాఫీలు పెట్టాను. గుండె రాయి చేసుకుందని ఎవరో అన్నారట. రాయి చేసుకోవడానికి కూడా ఓపిక ఉండాలి, నాకు అదీ లేదు. అన్నం తిన్నానో లేదో గుర్తుండేది కాదు. మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని ఫోన్ చూసేదాన్ని.

మాది మండవల్లి వైపు, కొల్లేటి అంచున ఉన్న ఊరు. చుట్టూ చేపల చెరువులు, మధ్యలో తాగడానికి ఒక్క మంచినీళ్ళ చెరువు. ఆ నీళ్ళు వడకట్టి కుళాయిలకు పంపే ఫిల్టర్లు పాడై చాలాకాలమైంది. బాగు చేయించమని అడిగినప్పుడల్లా, పరీక్షల్లో మీ నీళ్ళు బాగానే ఉన్నాయని పైనుంచి జవాబు వచ్చేది. కొనగలిగిన వాళ్ళం డబ్బా నీళ్ళు కొనుక్కున్నాం. మా వారు మాత్రం డబ్బా నీళ్ళకు రుచి లేదని కుళాయి నీళ్ళే తాగేవారు. కామెర్లు వచ్చాయి. నీళ్ళ వల్లేనని డాక్టరు అనలేదు, కాదనీ అనలేదు.

తాడేపల్లిగూడెంలో ఉండే మా అమ్మాయి, ఏ ఊరి నీటి పరీక్షలైనా ఎవరైనా చూడొచ్చంటూ ప్రభుత్వ వెబ్‌సైట్ ఒకటి తెరిచి నా చేతిలో పెట్టింది. అమ్మకి కాస్త కాలక్షేపం అనుకుంది కాబోలు. అందరూ సీరియళ్ళు చూస్తారు, నేను మా ఊరి నీళ్ళు చూశాను. అన్నీ బాగున్నాయనే ఉంది. ఒక తేదీ దగ్గర మాత్రం నా వేలు ఆగిపోయింది. అది మా వారిని ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు. ఆ రోజు పరీక్షలోనూ నీళ్ళు బాగున్నాయనే ఉంది.

ఆ రోజు మా చెరువులో చుక్క నీరు లేదు. ఎండాకాలం కాలువలకు నీళ్ళు ఆపేసే ముందు చెరువు నింపుకోవడం మా వైపు అలవాటు. దానికి ముందు పాత నీళ్ళు తోడేసి, అడుగున మిగిలిన చేపలు పట్టి ఇంటింటికీ పంచుతారు. సరిగ్గా ఆ చేపలు పట్టే రోజే మేం బయల్దేరాం. గట్టు మీద జనం అడ్డంగా ఉండి ఆటో ఆగింది. ఆయన తల బయటికి పెట్టి ఆ బురదంతా చూశారు.

"మన వాటా తీసి ఉంచమని చెప్పవే, సాయంత్రానికి వచ్చేస్తాంగా" అన్నారు.

చెప్పాను. వాటా ఉంచారు కూడా. మేమే రాలేదు.

గ్రామసభ అంటే మా ఊళ్ళో సంతకం పెట్టి టీ తాగి రావడమే. తీర్మానాలు తర్వాత తీరిగ్గా రాసుకుంటారు. ఆ తేదీ చూశాక జరిగిన సభకి నేనూ వెళ్ళాను. పంచాయతీ కార్యదర్శి కామవరపుకోట నుంచి వచ్చిన చిన్నపిల్ల, లేచి కుర్చీ ఇచ్చింది. నేను కూర్చోకుండా ఫోన్లో ఉన్న తేదీ, ఫలితం పైకి చదివాను. ఆ రోజు చెరువులో ఏం జరిగిందో ఎవరికైనా గుర్తుందా అండీ అని అడిగాను.

చేపలు పట్టిన రోజును మా ఊళ్ళో ఎవరు మరిచిపోతారు? వెనక వరసలో ఆడవాళ్ళే మొదలుపెట్టారు. మాకు చిన్న జెల్ల చేపలే వచ్చాయని ఒకావిడ, మాకు అవీ రాలేదని ఇంకొకావిడ పాత తగువు పైకి తీశారు. చివరికి అందరిదీ ఒకటే మాట అయింది. నీళ్ళే లేని చెరువులో నీళ్ళు బాగున్నాయని ఎలా రాశారండీ? ఊరంతా నా వైపు నిలబడినా నాకు సంతోషమూ కలగలేదు, కోపమూ రాలేదు. తీర్మానం మా ముందే రాయమన్నాను.

"ఉన్నది ఉన్నట్టు రాయండమ్మా, చాలు."

కార్యదర్శి రాసి పైకి చదివింది. ఆ తర్వాతే సంతకాలు పెట్టారు.

కొన్నాళ్ళకి ఫిల్టర్లు బాగయ్యాయి. వెబ్‌సైట్‌లో ఆ పాత ఫలితం కూడా దిద్దారు. ఆ రోజు చెరువులో నీళ్ళు లేవు, పరీక్ష జరగలేదు అని ఉందిప్పుడు. మా వీధి వాళ్ళు అరుగు దగ్గర ఆగి, ఈసారి నీళ్ళ గురించి ఏం పెట్టారని అడిగి మరీ పోతుంటారు.

మొన్న ఆ కార్యదర్శే ఓటర్ల జాబితా పట్టుకుని మా ఇంటికొచ్చింది. అదీ ఎవరైనా చూడగలిగేదే. అందులో నా పేరు పక్కన ఆయన ఇంకా ఉన్నారు. తీసేయడానికి నా సంతకం కావాలంది. ఇంకోసారి రమ్మన్నాను. ఇదివరకూ అలాగే పంపేశాను. ఈసారి ఆమె కదల్లేదు.

"మీరే కదండీ, ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు" అంది మెల్లగా.

సంతకం పెట్టాను. ఆమె గేటు దాటేదాకా బాగానే ఉన్నాను. అప్పుడొచ్చింది ఏడుపు, ఇన్నాళ్ళదీ కలిపి. ఎదురింటావిడ పరుగున వచ్చి గ్లాసుతో నీళ్ళిచ్చింది. మా కుళాయి నీళ్ళే. తాగాను.